కింది షడ్జం

పోయిన వారం మనం వీరవేణిని రాజమండ్రిలో, గోదావరి గట్టు పక్కనున్న నాటకాల హాల్లో, గ్రీన్‌రూమ్ గడప మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ అప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉంది. లోపలికి అడుగు పడడం లేదు, వెనక్కి తిరిగే దారీ లేదు.

సినిమాల్లో తల్లి వేషాలకు పెట్టింది పేరైన వీరవేణికి, ఆవిడ మొదట రంగం ఎక్కిన గడ్డ మీద సన్మానం చేసి, అదే సభలో పాత నాటకం ఆఖరి అంకం ఆడించి తీరాలని బట్టలకొట్టు వెంకటసుబ్బారావు గారు మద్రాసు దాకా వచ్చి పట్టుబట్టడం, "ఆ సాయంత్రం తమకో కానుక ఉందండి, ఇప్పుడే చెప్పం" అని ముసిముసిగా నవ్వడం మీకు గుర్తుండే ఉంటుంది. ఇవాళ ఉదయం హోటల్ గదిలో ఆవిడ తన తండ్రి కుక్కుటేశ్వరరావు మాస్టారితో, "ఇకమీదట నా కాల్షీట్లు నేనే చూసుకుంటాను నాన్నా, నువ్వు విశ్రాంతి తీసుకో" అని గుండె చిక్కబట్టుకుని చెప్పేయడమూ, ఇన్నేళ్ళుగా కూతురి రాకపోకలన్నీ తన గుప్పిట్లో పెట్టుకున్న ఆ పెద్దాయన ఒక్క మాటా ఎదురు చెప్పకుండా "మంచిదమ్మడూ" అని ఊరుకోవడమూ కూడా చెప్పుకున్నాం. సరే. వెంకటసుబ్బారావు గారి కానుక ఇప్పుడు గ్రీన్‌రూములో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ కానుక పేరు జోగేశ్వరరావు. ఆయన మోకాళ్ళ మీద ఒక ఉక్కు కత్తి ఉంది.

"వచ్చావా వీరవేణీ," అన్నాడాయన, తలుపు వైపు కాకుండా కాస్త పక్కకు చూస్తూ.

వీరవేణి చెయ్యి తనకు తెలియకుండానే మెడ మీదికి వెళ్ళింది. అక్కడ బంగారు కంటె ఉంది. నిద్రలో తప్ప ఆవిడ ఆ కంటె తీయదు. బీద తల్లి వేషమైనా సరే, మెడ నిండా కొంగు చుట్టుకుంటాను గానీ మెడ విప్పి చూపించనని డైరెక్టర్లతో తెగేసి చెప్పేది. అదో ఫ్యాషన్ అనుకున్నారు జనం. పత్రికల వాళ్ళు 'వీరవేణి కంటె' అని రాశారు కూడా. ఆ కంటె కింద, ఎడమ వైపు, మెడకు అడ్డంగా ఒక గాటు మచ్చ ఉందని ఆవిడకీ, ఆవిడకు జడ వేసే అప్పాయమ్మకీ, కన్నతండ్రికీ తప్ప మద్రాసులో ఎవరికీ తెలియదు. ఆ గాటు పెట్టిన కత్తి ఇదే. దాని పిడి మీది ఇత్తడి చిలక ముక్కు చూడగానే ఆవిడ గుర్తుపట్టింది.

ఇక్కడ కాస్త ఆగి, కొత్తగా చేరిన పాఠకులకు ఆ నాటకం సంగతి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగేది అర్థం కాదు, అర్థం కాకపోతే నన్ను తిడతారు.

ఆ రోజుల్లో 'కాంతామతి' నాటకం ఆడని తిరునాళ్ళు డెల్టాలో లేవు. కంట్రాక్టు నాటకాలు అవి. రాజు ఒక ఊరి నుంచి వస్తాడు, రాణి ఇంకో ఊరి నుంచి వస్తుంది, మంత్రి బస్సు తప్పిపోయి సగం నాటకం అయ్యాక వస్తాడు. రిహార్సలన్న మాట లేదు. ఎవరి బట్టలు వాళ్ళవి, ఎవరి కిరీటం వాళ్ళది, ఎవరి కత్తి వాళ్ళది. వీళ్ళందరినీ ఒక్క తాటి మీద నడిపించేది హార్మోనియం. పెట్టె ఏం చెబితే అదే వేదం.

ఆఖరి అంకంలో రాజు మంత్రి చాడీలు నమ్మి కాంతామతికి మరణశిక్ష వేస్తాడు. తలారికి చేతులు రాకపోతే తనే కత్తి ఎత్తుతాడు. ఆమె మొద్దు మీద తల ఆనించి అమ్మవారి మీద పద్యం పాడుతుంది. ఆఖరి అక్షరం మీద రాగం తీసి, ముగిస్తుంది. ముగించగానే హార్మోనియం మీద చిన్న బిట్ ఒకటి వస్తుంది. ఆ బిట్ నడుస్తున్నంతలో ఆమె తల పక్కకు తప్పించి అమ్మవారికి చేతులు జోడిస్తుంది. బిట్ అయ్యాక కింది షడ్జం, అంటే పెట్టె ఎడమ చివరి 'స' మెట్టు, ఒక్కటి బరువుగా మోగుతుంది. ఆ షడ్జం వినగానే కత్తి పడాలి. భార్య చావు చూడలేక మొహం తిప్పుకున్న రాజుకు ఆమె తల ఎక్కడుందో కనపడదు. ఆయనకు చెవే కన్ను. కత్తి వట్టి మొద్దులో దిగబడుతుంది, అమ్మవారి మెళ్ళో దండ జారి కాంతామతి మీద పడుతుంది, ఊరు ఊరంతా గొల్లుమంటుంది.

ద్రాక్షారామంలో శివరాత్రి తిరునాళ్ళకు ఆడిన నాటకంలో మాత్రం కత్తి వట్టి మొద్దు మీద పడలేదు. మద్రాసు సినిమా కంపెనీ నుంచి వీరవేణికి కబురొచ్చిన వారమే అది జరిగింది. తనను వదిలి వెళ్ళిపోతోందనే కక్షతో, రాజు వేషం కట్టిన జోగేశ్వరరావు కత్తి ముందుగా దించాడని ఆవిడ నమ్మింది. అప్పటికి రాజమండ్రి నుంచి కాకినాడ దాకా వాళ్ళిద్దరిదీ బంగారు జంట అనేవారు. వెంకటసుబ్బారావు గారిలాంటి అభిమానులు ఇప్పటికీ అంటారు. కంట్రాక్టరు వెంటనే తెర దించేసి, ఏదో చిన్న దెబ్బని జనానికి చెప్పి, ఆ గాటు గొడవ బయటకు పొక్కనివ్వలేదు. వీరవేణి ఆ తర్వాత జోగేశ్వరరావు మొహం చూడలేదు. ఏ సినిమా సెట్టు మీద ఎవరు కత్తి ఎత్తినా ఆవిడ ఒళ్ళు చల్లబడిపోయేది. అభిమానం ముదిరితే ఇలాగే ఉంటుంది మరి. ఏ మనిషి పేరు చెబితే ఆవిడకు నిద్ర పట్టదో ఆ మనిషినే వెంకటసుబ్బారావు గారు వెతికి, కార్లో ఎక్కించి, కానుకగా తెచ్చి కూర్చోబెట్టారు.

"అప్పాయమ్మా, తలుపు దగ్గర నుంచి కదలకు," అంది వీరవేణి.

"నేనెక్కడికీ వెళ్ళనమ్మా," అంది అప్పాయమ్మ. ఆమె చేతిలో సవరం ఉంది, జడగంటలు ఉన్నాయి.

జోగేశ్వరరావు నవ్వాడు. నవ్వులో పూర్వపు రాజసం లేదు. పైపళ్ళు ఊడిపోయాయి. రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మి తెల్లటి పొర తేలింది.

"భయపడకు. నువ్వున్న చోటు తెలుసుకోవాలన్నా నువ్వు మాట్లాడాలి. నాకు ఆకారాలే గానీ మనుషులు కనపడరు."

"ఎందుకొచ్చారు?"

"పిలిచారు, వచ్చాను. నువ్వు ఒప్పుకున్నావన్నారు. ఒప్పుకున్నావా?"

"మీరొస్తున్నట్టు నాకు తెలియదు."

"అదీ సంగతి." ఆయన కత్తి మీద చెయ్యి పెట్టాడు. "అయితే నువ్వింకా నేనే కొట్టాననుకుంటున్నావు."

వీరవేణికి కోపం ముంచుకొచ్చింది. భయం మీద వచ్చిన కోపం కాబట్టి అది కేకగా కాకుండా గొణుగుడుగా వచ్చింది. "కత్తి మీ చేతిలో ఉంది. నా మెడ మీద పడింది. ఇంకెవరు కొట్టారు? ద్రాక్షారామం భీమేశ్వరుడు కొట్టాడా?"

"కత్తి నాదే. షడ్జం నాది కాదు."

ఆవిడకు ఆ మాట వెంటనే ఎక్కలేదు. అప్పాయమ్మకు ఎక్కింది కాబోలు, జడగంటలు ఒక్కసారి గలగలమన్నాయి.

"ఆ రోజు పద్యానికి జనం వన్స్ మోర్ కొట్టారు, జ్ఞాపకముందా?" అన్నాడు జోగేశ్వరరావు. "మొదటిసారి అంతా సవ్యంగా జరిగింది. రెండోసారి నువ్వు మళ్ళీ తల ఆనించావు. రాగం తీశావు. నువ్వు రాగం ఆపీ ఆపగానే చప్పట్లతో పందిరి అదిరిపోయింది. ఆ హోరులో నీకేం వినపడి ఉండదు. పెట్టె నా పక్కనే, నాకు వినపడింది. బిట్ రాలేదు. నేరుగా షడ్జం వచ్చింది. ఎన్ని వందల నాటకాలాడానో, షడ్జం వినగానే నా చెయ్యి నన్నడక్కుండానే దిగుతుంది. దిగాక తెలిసింది, నువ్వింకా తల తీయలేదని."

"అబద్ధం," అంది వీరవేణి.

"పెట్టె మీద కూర్చున్నదెవరో నీకు తెలుసు."

"నోరు ముయ్యండి. మా నాన్న చెయ్యి ఒక్క మెట్టు తప్పదు. ఈ జిల్లాలో ఎవరినైనా అడగండి."

"అదే నేనూ అంటున్నాను తల్లీ. తప్పని చెయ్యి."

బయట హాల్లో కుర్చీలు లాగుతున్న చప్పుడు, మైకులో ఎవరో "హలో, హలో" అంటున్న చప్పుడు వినిపిస్తున్నాయి. కడియం నుంచి బుట్టల్లో వచ్చిన చామంతి దండల వాసన గదిలో కూడా నిండిపోయింది.

జోగేశ్వరరావు గొంతు తగ్గించాడు. "నా పాపం నాకుంది, చెప్పేస్తాను. ఆ పొద్దున మాస్టారు సత్రం అరుగు మీద నన్ను పిలిచి, 'ఇవాళ నీ ఉక్కు కత్తి వద్దు, చెక్క కత్తి తెచ్చుకో' అన్నారు. ఎందుకండీ అంటే చెప్పలేదు. నాకు పౌరుషం వచ్చింది. జమీందారుగారిచ్చిన కత్తి, జనం దాన్ని చూడ్డానికే వస్తారు, చెక్క ముక్క పట్టుకుని రాజునంటే నవ్వరూ? ఆయన మాట వినలేదు. ఉక్కుదే తెచ్చాను. చెక్కదైతే నీ మెడ కమిలేది, గొంతు వాచేది, నాలుగు వారాలు పాట రాకపోయేది. మద్రాసు వాళ్ళు ఆగుతారా? ఇంకొకరిని పెట్టుకునేవాళ్ళు. నువ్వు మాస్టారి పెట్టె పక్కనే ఉండిపోయేదానివి. ఆయన అనుకున్నది అంతే. చంపాలని కాదు. చంపబోయింది నా పౌరుషం."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు నమ్ముతారు? కత్తి నా చేతిలో ఉంది. ఆయన నాకు గురువు. పైగా మూడు నెలలకు ఇంకో కంపెనీ పిలిస్తే నువ్వు మద్రాసు వెళ్ళనే వెళ్ళావు, ఆయన్ని వెంటబెట్టుకుని. తండ్రీ కూతుళ్ళు సుఖంగా ఉన్నారు కదా, ఎందుకీ పుండు కెలకడం అనుకున్నాను."

వీరవేణి గోడకు ఆనుకుంది. ఆవిడకు హఠాత్తుగా ఒక్క మాట జ్ఞాపకం వచ్చింది. మద్రాసు కబురు వచ్చిన రోజున ఎగురుకుంటూ వెళ్ళి తండ్రితో చెబితే ఆయన పెట్టె తుడుచుకుంటూ ఏమన్నాడు? "మంచిదమ్మడూ" అన్నాడు. కోప్పడలేదు, వద్దనలేదు. ఇవాళ ఉదయం అన్నట్టే, అదే గొంతుతో, అంతే మెత్తగా. ఆ మెత్తదనం చూసి ఇవాళ తను ఎంత తేలికపడింది! కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆయన కాళ్ళకు దణ్ణం కూడా పెట్టింది.

"ఇప్పుడు మాత్రం ఎందుకు చెబుతున్నారు?" అంది, వద్దు వద్దనుకుంటూనే.

"ఈ మధ్యాహ్నం మాస్టారు వెంకటసుబ్బారావు గారి చేత కబురు పెట్టించారు. ఏ కత్తి తెస్తున్నావని. ఉక్కుదేనండీ అని చెప్పించాను. ఈసారి చెక్కది తెమ్మంటారేమో, తప్పకుండా తెస్తాను, పోయిన పాపం కొంతైనా కడుక్కుంటాను అనుకున్నాను. తిరిగి కబురొచ్చింది."

"ఏమని?"

"'మంచిది' అన్నారట."

వీరవేణి అద్దం ముందున్న కుర్చీలో కూర్చుంది. అప్పాయమ్మ పక్కకు వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళూ ఆవిడ భయపడింది ఒక ముసలి గుడ్డివాడికా! తను కలిపి పెట్టిన అన్నం తిని, తను పరిచిన పక్క మీద పడుకుని, తన కోసం వచ్చిన ప్రతి మనిషితోనూ తనకు బదులు మాట్లాడిన కన్నతండ్రికి ఒక్కనాడూ భయపడలేదే! భయపడవలసిన చోట దణ్ణం పెట్టాను, జాలిపడవలసిన చోట భయపడ్డాను అనుకుంది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని వెంకటసుబ్బారావు గారు ఊడిపడ్డారు. మొహం పెళ్ళికొడుకు తండ్రి మొహంలా వెలిగిపోతోంది.

"అమ్మా, హాలు కిటకిటలాడిపోతోందండి! కూర్చోవడానికే కాదు, నిలబడ్డానికీ చోటు లేదు. ఇంకా రెడీ అవ్వలేదేంటండి? ఆఖరి అంకం ఒక్కటే కదా, పావుగంట పని. ఆ వెంటనే శాలువా కప్పేస్తాం."

"సుబ్బారావు గారూ, ఒక్క మాట. చెక్క కత్తి ఏదైనా ఉంటుందా?"

"చెక్క కత్తా!" ఆయన చెవులు మూసుకున్నంత పని చేశారు. "ఏంటమ్మా అలా అంటారు! నాలుగింటి నుంచీ ఆ కత్తికి కుంకం పెట్టి, పూలేసి, వెండి పళ్ళెంలో పెట్టి హాలు గుమ్మం దగ్గర ఉంచామండి. సంత రోజున జనం వచ్చినట్టు వచ్చి చూశారు. ఇప్పుడు చెక్క కత్తి పట్టుకొస్తే నా కొట్టు తగలెట్టేస్తారు."

"పోనీ హార్మోనియం లేకుండా పాడతాను. నాన్నకు శ్రమెందుకు? పెద్దాయన."

"మాస్టారు అప్పుడే వెళ్ళి కూర్చున్నారండీ బాబూ. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించేశారు. 'ఈ బిట్ నేను తప్ప ఇంకెవరూ వాయించలేరు' అన్నారు. ఆ మాటకు నాకైతే రోమాలు నిక్కబొడుచుకున్నాయనుకోండి."

ఆయన రోమాల సంగతి ఆయనది. వీరవేణి మాత్రం ఆలోచనలో పడింది. ఈ సభలో, ఈ జనం మధ్య, నేను ఆడను అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే కన్నతండ్రి పేరు చెప్పాలి. చెప్పడానికి రుజువేది? ఒక గుడ్డివాడి మాట. అందులోనూ ఆ మాట అబద్ధమైతే? అబద్ధమైతే బాగుండునని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. ఆ బిట్ ఒక్కసారి చెవులారా వింటే చాలు, జోగేశ్వరరావు అబద్ధాలకోరు అవుతాడు, నాన్న నాన్నగానే ఉంటాడు. తల మాత్రం బిట్ కోసం ఆగకుండా, రాగం ముగియక ముందే తప్పించేస్తే సరి. అనుకుని ఆవిడ లేచి నిలబడింది.

"నేను కొట్టనంటే కొట్టనమ్మా," అన్నాడు జోగేశ్వరరావు మెల్లిగా. "కానీ నా మాట నమ్మకు. ఈ చేతులకు ఇప్పుడు కత్తి ఎత్తి పట్టుకునే సత్తువ లేదు. షడ్జం మోగిందంటే నేను వద్దన్నా దిగిపోతుంది. పాత అలవాటు."

అప్పాయమ్మ సవరం పెట్టి జడ అల్లింది. సొంత జుట్టులో కలిపి గట్టిగా మెలేసి ముడేసింది. "జడ మరీ పొడుగైపోయిందమ్మా, నేల మీద పడుతోంది. ఎవరైనా తొక్కుతారు," అంది. వీరవేణి వినిపించుకోలేదు.

తెర వెనక స్టేజీ మీద, ముందు వైపు మూలన, కాళ్ళతో తొక్కే పాత హార్మోనియం ముందు కుక్కుటేశ్వరరావు మాస్టారు కూర్చుని ఉన్నారు. తెల్ల జుబ్బా, మెళ్ళో కండువా, నుదుట విభూతి. ఎనభైకి దగ్గరపడినా వెన్ను నిటారుగా ఉంది. అక్కడ మొద్దు పెడుతున్నవాళ్ళు కూడా ముందు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టి ఆ పని చేస్తున్నారు. వీరవేణి ఆయన దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"నాన్నా."

"ఏం అమ్మడూ?"

"బిట్ పూర్తిగా వాయిస్తావుగా?"

ఆయన తలెత్తి కూతురి కళ్ళలోకి చూశాడు. ఎంతసేపు చూశాడో! "పిచ్చి మొహమా. కొత్తగా అడుగుతున్నావేం?" అన్నాడు. వాయిస్తాననలేదు. చెయ్యి చాపి ఆవిడ మెడ మీది కంటె పట్టుకున్నాడు. "ఇది తీసెయ్యి. చావబోయే కాంతామతి కంటె పెట్టుకోదు. నగలన్నీ ఒలిచేసుకుని వస్తుంది. నాటకం మర్చిపోయావా?"

ఆయనే మీట వదులు చేసి కంటె తీసి, కండువాలో చుట్టి, పెట్టె మీద పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ మచ్చకు నలుగురిలో గాలి తగిలింది. ఆయన ఆ మచ్చ వైపు ఒక్కసారైనా చూడకుండా కాళ్ళు తిత్తి మీద పెట్టుకున్నాడు.

తెర లేచింది.

జనం ఆవిడను చూడగానే హాలు కప్పు లేచిపోయేలా చప్పట్లు కొట్టారు. జోగేశ్వరరావును ఒకరు నడిపించుకొచ్చి మొద్దు పక్కన నిలబెట్టారు. కత్తి ఎత్తగానే ముసలాయన వెన్ను ఎలా నిటారైందో, మళ్ళీ రాజైపోయాడు. వీరవేణి మోకరిల్లి మొద్దు మీద చెంప ఆనించింది. ఎప్పుడూ కళ్ళు మూసుకుని పాడే పద్యం, ఇవాళ కళ్ళు తెరిచి, తండ్రి చేతుల వైపే చూస్తూ పాడింది.

"నాదు నిజంబు నీ వెఱుగ నాకిక దిక్కెవరమ్మ శాంకరీ!"

ఆఖరి అక్షరం మీద రాగం తీసింది. ముందే తల తప్పించేయాలన్న నిర్ణయం గట్టిదే. కానీ ఆ పద్యం ఆవిడను తనతో తీసుకుపోయింది. రాగం ముగిసింది. ఆ ఖాళీలో, తేనె చుక్కలా, బిట్ మొదలైంది. రెండు చేతులూ పై మెట్ల మీద ఆడించి, ఎక్కడా తొందర లేకుండా, చిన్ననాడు తనను నిద్రపుచ్చినంత నిదానంగా వాయించాడు మాస్టారు. వీరవేణి తల పక్కకు తీసి చేతులు జోడించింది. అప్పుడు షడ్జం మోగింది. కత్తి వచ్చి మొద్దులో దిగబడింది. దండ జారి ఆవిడ భుజాల మీద పడింది.

ఏడ్చేసింది వీరవేణి. అది నటన అనుకుని జనం కూడా ఏడ్చారు. నాన్నా, నాన్నా, నిన్ను అనుమానించానా, నా కళ్ళు పోను అనుకుంది. జోగేశ్వరరావు మీద అసహ్యం పుట్టుకొచ్చింది. వెళ్ళి తండ్రి కాళ్ళ మీద పడి అంతా చెప్పేద్దామని, కాల్షీట్లు కావాలంటే ఆయన దగ్గరే ఉంచెయ్యాలని కూడా అనుకుని లేవబోయింది.

"వన్స్ మోర్!"

మొదట అరిచింది ఎవరనుకున్నారు? మన వెంకటసుబ్బారావు గారే. ముందు వరసలో కుర్చీ మీదికెక్కి మరీ అరిచారు. ఇక హాలంతా అందుకుంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. వన్స్ మోర్ పడ్డాక పాడకుండా వెళ్ళిన నటి ఈ గోదావరి జిల్లాల్లో ఇంతవరకు లేదు. మొద్దు పెట్టినవాళ్ళు వచ్చి దిగబడిన కత్తిని పీకి జోగేశ్వరరావు చేతికిచ్చారు. ఆయన తడుముకుంటూ మళ్ళీ చోటు చూసుకుని నిలబడ్డాడు. మాస్టారు జుబ్బా కొసతో మెట్లు ఒకసారి తుడిచి, కూతురి వైపు చూసి తల పంకించారు. వీరవేణి నవ్వుతూ, మనసు తేలికై, మళ్ళీ చెంప ఆనించింది.

పద్యం సాగింది. మొదటిసారి కన్నా బాగా సాగింది. "శాంకరీ" మీద రాగం ఎత్తుకున్నాక, ద్రాక్షారామంలో కూడా కత్తి పడింది రెండోసారే కదా అని ఆవిడకు తట్టింది.

కళ్ళు తెరిచింది. తండ్రి కుడి చెయ్యి రాగం వెంబడి పై మెట్ల మీద నడుస్తోంది. ఎడమ చెయ్యి అక్కడ లేదు. అది కిందికి దిగి ఉంది. బిట్ వాయించే చెయ్యి అక్కడ ఉండదు. ఆయన ఎడమ చూపుడువేలు కింది షడ్జం మెట్టు మీద, నొక్కకుండా, ఊరికే ఆని ఉంది.

వీరవేణి రాగం ఆపకుండానే తల పక్కకు లాగింది. తల రాలేదు. ఇంకోసారి లాగింది. మాడు మీద జుట్టు ఊడొచ్చేంత నొప్పి పుట్టింది. నేల మీద పరుచుకున్న జడను, చూపు లేని జోగేశ్వరరావు రెండు కాళ్ళతో తొక్కి నిలబడ్డాడు. ఆయన కత్తి పైకెత్తే ఉంది, మొహం తిప్పుకునే ఉంది. ఆయన చేతులు గడగడా వణుకుతున్నాయి.

కేక వేయాలంటే రాగం ఆపాలి. ఆపితే షడ్జమే. రాగం ఉన్నంతసేపే ప్రాణం.

ఆవిడ ఆ అక్షరం మీదనే పై స్థాయికి వెళ్ళింది. జనం చప్పట్లు మొదలుపెట్టారు. ఈ వయసులో ఇంత దమ్ము ఎక్కడిదని వెంకటసుబ్బారావు గారు కళ్ళు ఒత్తుకున్నారు. ఆ దమ్ము అయిపోవస్తోందని తెలిసినవాళ్ళు ఆ హాలు మొత్తానికి ఇద్దరే ఇద్దరు. ఒకరు పాడుతున్నారు. రెండో ఆయన మెట్టు మీద వేలు పెట్టుకుని వింటున్నారు.